ఎనిమిది వేలూ... అల్లుడి కాళ్ళూ

గోదావరి జిల్లాల్లో పెళ్ళి కుదిరితే శుభలేఖ కంటే ముందు తయారయ్యేది ప్రీ వెడ్డింగ్ ఆల్బమ్. పొద్దున్న కడియం నర్సరీల్లో పూల మధ్య. మధ్యాహ్నం రాజమండ్రి పుష్కర్ ఘాట్‌లో, వెనకాల 1997లో రైళ్ళు ఆగిపోయిన హేవ్‌లాక్ వంతెన. ఎండ నడినెత్తిన ఉంటుంది. అయినా ఫోటోగ్రాఫర్ గారికి దిగుల్లేదు. ఆయన కెమెరా "ఎనిమిది వేలు కొడుతుందండీ, ఆయ్!"

ఎనిమిది వేలంటే షట్టర్ వేగం, సెకనులో ఎనిమిది వేలవ వంతు. అంకె నిజమే, డబ్బా మీదా ఉంది, బేరంలోనూ ఉంది. ఆయన నోట రానిది ఇంకో అంకె. కెనాన్ 5డి మార్క్ 2కి అది 1/200, నికాన్ డి850కి 1/250. స్టూడియో లైటుతో తీసేటప్పుడు షట్టర్ ఆ గీత దాటకూడదు. దాటితే ఫోటోలో నల్ల పట్టీ. సింక్ స్పీడంటే ఆ గీతే.

పట్టీ పడిందా? "ట్రిగ్గర్ చైనాదండీ." పాపం, లైటును వెలిగించే ఆ ట్రిగ్గర్‌ది కాస్త తప్పుంటే ఉండొచ్చు. సంకేతం ఆలస్యంగా అందించే రకమైతే 1/160కో 1/125కో దిగాల్సిందే. అసలు దోషి మాత్రం ఆ ఎనిమిది వేలు కొట్టే షట్టరే.

ధవళేశ్వరం లాకులు చూసినవాళ్ళకు ఇది కొత్త కాదు. పడవ దాటేటప్పుడు ఎగువ తలుపూ దిగువ తలుపూ ఒకేసారి తెరవరు. సెన్సర్ ముందూ రెండు తెరలుంటాయి. ఇక్కడ మాత్రం రెండూ తెరిచి ఉన్న క్షణమే కావాలి. వేగం తక్కువైతే మొదటిది పూర్తిగా తప్పుకున్నాక, రెండోది కదలక ముందు, సెన్సర్ మొత్తం బయటపడే క్షణం ఒకటి దొరుకుతుంది. ఫ్లాష్ వెలగాల్సింది అప్పుడే. వేగం పెంచితే మొదటి తెర ఒడ్డు చేరకుండానే రెండోది బయల్దేరుతుంది. రెంటి నడుమ చీలిక మాత్రమే పరుగెడుతుంది. 1/250 సింక్ ఉన్న కెమెరాలో 1/8000 దగ్గర, 24 మిల్లీమీటర్ల ఎత్తున్న సెన్సర్ మీద ఆ చీలిక ఇంచుమించు ముప్పాతిక మిల్లీమీటరు. లైటు మెరుపేమో చాలాసార్లు సెకనులో వెయ్యో వంతుకే ఆరిపోతుంది. మెరుపుకు ఎదురుపడ్డ ముక్కే ఫోటో. మిగతాదంతా అమావాస్య.

కంపెనీ ఫ్లాష్ నెత్తిన పెడితే కెమెరాయే వేగాన్ని గీత దగ్గర ఆపుతుంది. మామూలు ట్రిగ్గర్ పెడితే అవతల లైటుందన్న సంగతే దానికి తెలియదు. ఆపేవాళ్ళు లేరు కాబట్టి ఈయన ఆగడు.

తమాషా ఏమిటంటే, ఒకప్పుడు స్టూడియోల్లో తిరిగిన యాషికా మ్యాట్ 124జికి ఈ తంటా లేదు. లెన్సులోనే రేకుల షట్టర్. దాని ఆఖరి వేగం 1/500 దగ్గరా ఫ్లాష్ శుభ్రంగా అందేది. ఇప్పుడది స్టూడియో అద్దాల బీరువాలో అలంకారానికి ఉంది.

హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ సింక్) లేదా అంటారు. ఉంది. ఒక్క మెరుపుకు బదులు వరస చినుకుల్లా కురిపిస్తుంది. కురిసిన దాంట్లో ఎక్కువ భాగం తెరల మీదే వృథా. ఇక సూర్యుడితో పోటీకి మిగిలేదెంత? లెక్క చూస్తే ఐఎస్ఓ 100, 1/200 దగ్గర నడి ఎండకు లెన్సు రంధ్రం (అపర్చర్) ఎఫ్11 కావాలి. వంతెన మసకగా కనిపించాలని ఎఫ్2కి వస్తే షట్టర్ 1/6400కి ఎక్కాలి. లేదంటే వెలుతురును 32వ వంతుకు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ బిగించి, దమ్మున్న లైటు పెట్టుకుని, 1/200 దగ్గరే ఉండొచ్చు. అదీ కాదంటే ఘాట్ మెట్ల మీద మిక్చర్ పొట్లం తింటూ సాయంత్రం దాకా ఆగొచ్చు. ఖర్చు పొట్లానికే.

2023 నవంబరులో సోనీ ప్రకటించిన ఏ9 3లో ఈ తెరల గొడవే లేదు. సెన్సర్ మొత్తం ఒకేసారి పనిచేస్తుంది, ఫ్లాష్ 1/80000 దాకా అందుతుందని కంపెనీ మాట. అమెరికాలో విడుదల ధర 6 వేల డాలర్లు. ఈయన ఆల్బమ్ ధరలు మాత్రం ఇప్పటికే అక్కడున్నాయి.

పెళ్ళి రాత్రి మండపంలో గొడుగు లైట్లు వెలిగాయి. షట్టర్ 1/320 మీద ఉంది. గీతను కాస్త దాటామన్న సరదా. కెమెరా అడ్డంగా పట్టుకుంటే ఈ నల్ల పట్టీ సాధారణంగా ఫోటో అడుగునే పడుతుంది. అత్తగారు చెంబుతో నీళ్ళు పోస్తున్నారు, మామగారు వంగి అల్లుడి కాళ్ళు కడుగుతున్నారు. ఆల్బమ్‌లో ఆ నీళ్ళు చీకట్లోకి జారుతున్నాయి.

"ఏవయ్యా, అల్లుడి కాళ్ళేవి?" అంది నాయనమ్మ, కళ్ళజోడు సర్దుకుని.

"క్రాప్ చేసేద్దామండీ, ఆయ్."