చీటీల డబ్బా

ప్రపంచ రుతుక్రమ పరిశుభ్రత దినం మే 28న వస్తుంది. నెలసరి చక్రం సగటున 28 రోజులు, బయట ఉండేది సుమారు 5 రోజులు కాబట్టి అయిదో నెల 28వ తేదీ అని ఖాయం చేసి, 2014 నుంచి జరుపుతున్నారు. లెక్క బాగానే ఉంది గానీ, ఆ రోజుకి మన బళ్లన్నీ ఎండాకాలం సెలవుల్లో ఉంటాయి. అందుకని బాన్సువాడలో ఒక హైస్కూలు (పేరెందుకులెండి) ఆ దినాన్ని జులైలో, నాట్లు పడుతున్నప్పుడు జరుపుకుంది.

డాక్టరమ్మ వచ్చారు. రాగానే చేతులు కడుక్కుంటానంటే ఆడపిల్లల బాత్రూంకే తీసుకెళ్లారు. టైల్స్ తళతళలాడుతున్నాయి. బకెట్ నిండా నీళ్లు, దాని మీద ధర స్టిక్కరు ఇంకా ఊడలేదు. మూలన మూతున్న చెత్తబుట్ట. ఫినాయిల్ వాసన గుప్పున కొట్టింది. సర్కారు బళ్లో ఇంత శుభ్రమా అని ఆమె మైకులోనే మెచ్చుకున్నారు. హెచ్‌ఎం సారు చేతులు జోడించి, మగపిల్లల్ని గ్రౌండుకు తోలి, తానూ బయటికి నడిచారు. "ఆడోళ్ల ముచ్చట, మేమెందుకు మేడం" అన్నారు. ఆయన సబ్జెక్టు బయాలజీ.

గంటసేపు మాట్లాడారామె. మాట్లాడటమంటే అలా మాట్లాడాలి. తొక్కు పాడయ్యేది ఆడపిల్ల ముట్టుకుంటే కాదు, మీ నాయనమ్మ తడి గరిటె పెడితే అనేసరికి పిల్లలు ఒకళ్లనొకళ్లు పొడుచుకుని నవ్వారు. గుడ్డ వాడేవాళ్లు సబ్బుతో ఉతికి ఎండలోనే ఆరేయాలని, లంగా కింద దాచి ఆరేస్తే లేనిపోని రోగాలొస్తాయని చెప్పారు. ప్యాడ్ల మీదున్న 12 శాతం జీఎస్టీని 2018 జులైలో ఎత్తేశారని, జన ఔషధి దుకాణంలో ఒక్కోటి రూపాయికే ఇస్తారని చెప్పారు. యాదాద్రి భువనగిరి జిల్లా ముల్కలపల్లి సర్కారు బడి పిల్లలు చెరువులో పెరిగే గుర్రపుడెక్కతోనే ప్యాడ్లు తయారుచేశారంటే వెనక వరుస కూడా ముందుకు వంగింది.

"నాలుగైదు గంటలకోసారి తప్పకుండా మార్చుకోవాలమ్మా" అన్నప్పుడు మాత్రం ఎవరూ తలూపలేదు. ఊళ్ల నుంచి పొద్దున్నే బస్సెక్కి, పొద్దుగూకే వేళకి ఇల్లు చేరే పిల్లలు వాళ్లు.

"డౌట్లుంటే అడగండి." ఒక్కరూ లేవలేదు. ఆమెకిది కొత్త కాదు. ఖాళీ చాక్‌పీసుల డబ్బా తెప్పించి, "పేరు రాయకుండా చీటీ రాసి ఇందులో వెయ్యండి" అన్నారు. నిమిషాల్లో డబ్బా నిండింది.

స్టాఫ్‌రూంలో చాయ్ తాగుతూ మొదటి చీటీ విప్పారు. 'మేడం, మీరు మళ్ల ఎప్పుడొస్తరు?' రెండోదీ అదే. మూడోది పచ్చసిరాతో, పక్కన పువ్వు బొమ్మ: 'మేడం, జల్ది రండి.' రాతలు వేరు, మాట ఒక్కటే. డాక్టరమ్మకు కళ్లు చెమర్చాయి. "చూశారా సార్, తెలుసుకోవాలని పిల్లలకి ఎంత ఆరాటమో!" అన్నారు. సారు కూడా పొంగిపోయి, నాలుగు చీటీలు ఏరి ఫోటోలు తీసుకున్నారు. పైకి పంపే రిపోర్టుకి పనికొస్తాయి కదా.

వాన మొదలైంది. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె గొడుగు పట్టి ఆమెని కారుదాకా తీసుకెళ్లింది.

"నేను చెప్పింది మీకంత నచ్చిందామ్మా?"

ఆ పిల్ల ఒకసారి వెనక్కి చూసి, గొంతు తగ్గించింది.

"నచ్చింది మేడం. గని, మీలాంటోళ్లు వచ్చిన్నాడే మా బాత్రూం తాళం తీస్తరు."