ముల్లు పడిపోయిందని పంపును తిట్టారు

నేను ప్రెషర్ గేజ్‌ని. బెజవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డుకు వచ్చే పాత హోండా సిటీ వీటెక్ కారులో, ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే రైలు మీద నన్ను బిగించారు. 0 నుంచి 100 పీఎస్ఐ దాకా నా డయలు.

నా లోపల ఉన్న అసలు సరుకు ఒక ఇత్తడి గొట్టం. దాన్ని కాస్త బల్లపరుపుగా నొక్కి, కొడవలిలా వంచి, ఒక కొస మూసేశారు. గొట్టంలో ఒత్తిడి పెరిగితే ఆ వంపు విచ్చుకుంటుంది, ఆ కదలిక పళ్ల చక్రం మీదుగా ముల్లుకు చేరుతుంది. ఆవిరి ఇంజన్లు ఏలుతున్న రోజుల్లో, 1849లో, ఫ్రాన్స్‌లో యూజీన్ బూర్డాన్ పేటెంటు తీసుకున్న పద్ధతి ఇది. ఇంజెక్టర్లు తెరుచుకుని మూసుకునేటప్పుడల్లా లైనులో పుట్టే అదురుకు ముల్లు కొట్టుకోకుండా నా డబ్బాలో గ్లిజరిన్ నింపి, పైన రబ్బరు బిరడాతో సీలు వేశారు. తర్వాత జరిగిన గొడవలో సగం ఈ గ్లిజరిన్ వల్లే.

కారు యజమాని కుర్రవాడు. ముందు ముందు టర్బో పెట్టాలని అతని కోరిక. అందుకు పాత పంపు చాలదని, గంటకు 255 లీటర్లు తోసే పంపును ట్యాంకులో దించాడు. దాని పనితీరు కనిపెట్టడానికే నన్ను కొన్నాడు.

ఈ ఇంజన్‌లో పెట్రోలు ఒత్తిడిని అదుపులో ఉంచే రెగ్యులేటర్‌కు వాక్యూమ్ గొట్టం ఉంటుంది. అది ఊడదీస్తే 43 పీఎస్ఐ దగ్గర, అంటే సుమారు 3 బార్ల దగ్గర ముల్లు నిలవాలి. గొట్టం తగిలిస్తే ఐడ్లింగ్‌లో 34 దగ్గరికి దిగాలి. పొద్దున చల్లటి ఇంజన్ మీద నేను చూపించింది 46. గొట్టం ఊడదీస్తే 48, అంతే. బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో తిరిగి వచ్చాక బానెట్ ఎత్తి చూస్తే 38.

"మేస్త్రీ గారూ, వేడెక్కితే పంపు నీరసపడుతోంది. డూప్లికేట్ అంటగట్టారేమో!" అన్నాడు కుర్రవాడు.

మేస్త్రీ ఇంజన్‌కు చెవి పెట్టి విన్నాడు, ఒక స్పార్క్ ప్లగ్గు విప్పి చూశాడు. మొన నల్లగా మసిబారి ఉంది. "పెట్రోలు తక్కువైన ప్లగ్గు ఇలా ఉండదు బాబూ. దీనికి ఎక్కువే పోతోంది," అన్నాడు. ఆ మాటకు నా ప్రాణం లేచొచ్చింది. ముల్లు ఒకటి చెబుతుంటే ప్లగ్గు ఇంకొకటి చెబుతోందని పట్టుకున్న మనిషి ఆ షెడ్డులో ఆయన ఒక్కడే.

తర్వాత ఆయన గుడ్డ అడ్డం పెట్టుకుని, నా నెత్తిమీద బిరడాను గోటితో కొంచెం ఎత్తాడు. బుస్సుమని గాలి పోయింది. ముల్లు 38 నుంచి 46కి ఎగిరింది. పంపును ఎవరూ ముట్టుకోలేదు.

నేను కొలిచేది గొట్టం లోపలి ఒత్తిడికి, దాని బయట డబ్బాలో ఉన్న ఒత్తిడికి మధ్య తేడా. బానెట్ కింద సెగకు గ్లిజరిన్ ఉబ్బి, దాని పైన మిగిలిన పిసరంత గాలిని నలిపేస్తుంది. డబ్బాలో అలా పెరిగినదంతా నా లెక్కలోంచి తరిగిపోతుంది. ఇంజన్ ఆపితే తేలిపోవాలి కదా అంటారేమో. సున్నా దగ్గర ముల్లుకు అడ్డంగా చిన్న పిన్ను ఉంటుంది. ముల్లు అంతకంటే కిందికి పోవాల్సినప్పుడు కూడా ఆ పిన్నుకు ఆని, సున్నా అనే చూపిస్తుంది. వేడి మీద నన్ను చదివేవాళ్లు ముందు బిరడా ఎత్తాలని నేను గట్టిగా కోరుకుంటాను, ఎందుకంటే ఆ 38ని నమ్మి మంచి పంపును పీకేసేవాళ్లు ఉన్నారు. అంతకంటే ప్రమాదం ఇంకొకటి ఉంది. 38 అనేది ఉండాల్సిన 34కు దగ్గర కాబట్టి, అంతా బాగుందనుకుని వదిలేసేవాళ్లూ ఉంటారు.

మరి చల్లటి 46 నిజమే. పాత పంపుకు సరిపడా చేసిన రెగ్యులేటర్ రంధ్రం, కొత్త పంపు తోసే పెట్రోలునంతా వెనక్కి పంపలేకపోతోంది. గొట్టం ఊడదీసినా ముల్లు రెండు గీతలే కదలడం దానికి గుర్తు. తప్పు రిటర్న్ లైనుదా, రెగ్యులేటర్‌దా అని తేల్చడానికి మేస్త్రీ ఇంజన్ చల్లారనిచ్చి, మంటలార్పే సిలిండర్ పక్కన పెట్టించుకుని, రిటర్న్ గొట్టాన్ని నేరుగా క్యాన్‌లోకి వదిలాడు. అయినా ముల్లు దిగలేదు. పెద్ద రంధ్రమున్న, మరతో సర్దుకునే రెగ్యులేటర్ తెప్పించి, వాక్యూమ్ గొట్టం తీసి 43కు కుదిర్చాడు. గొట్టం తగిలించగానే ముల్లు 34కు దిగింది.

డ్యాష్‌బోర్డులో పెట్రోలు ముల్లు కూడా అదే వారంలో మొండికేసింది. ఫుల్ ట్యాంకు కొట్టించినా ముప్పావు దాటదు. పంపు దించేటప్పుడు ఫ్లోట్ కమ్మీ వంగి, కొత్త పంపు ఒంటికి తగులుతోంది. కమ్మీ సరిచేస్తే సరిపోయింది.

బండి నడుపుతూ నన్ను చూడలేడు కాబట్టి కుర్రవాడు నా పక్కనే ఒక సెన్సర్ పెట్టించి, స్క్రీను లోపల అమర్చాడు. నేను 34 అంటే అది 37 అంది. ఈసారి అందరూ మళ్లీ నావైపే అనుమానంగా చూశారు. మేస్త్రీ నా బిరడా ఎత్తాడు. నేను కదల్లేదు. అప్పుడాయన మల్టీమీటర్ తీసి, సెన్సర్ ఎర్త్‌కు, స్క్రీను ఎర్త్‌కు మధ్య వోల్టేజీ కొలిచాడు. పంపు తిరుగుతుంటే 0.12 వోల్టులు. 0.5 నుంచి 4.5 వోల్టుల మధ్య 100 పీఎస్ఐ చెప్పే సెన్సర్‌కు ఒక్కో వోల్టు 25 పీఎస్ఐ, కాబట్టి 0.12 అంటే సరిగ్గా 3. పంపు ఎర్త్ వైరును, సెన్సర్ ఎర్త్‌ను రంగు గీకని ఒకే బోల్టుకు కలిపి బిగించారు. కొత్త పంపు లాగే కరెంటంతా ఆ బోల్టు మీదుగానే పోతోంది.

మేస్త్రీ సెన్సర్ ఎర్త్‌ను విడదీసి, లోపల స్క్రీను ఎర్త్ తీసుకున్న చోటికే వైరు లాగాడు. పంపు ఎర్త్ కింద రంగు గీకించి విడిగా బిగించాడు. స్టార్ట్ చేస్తే స్క్రీను మీద 34, నా మీద 34. వాక్యూమ్ గొట్టం తీస్తే రెండింటి మీదా 43. "ఇక టర్బో సంగతి చూద్దాం బాబూ," అన్నాడు మేస్త్రీ.