అందాజ క్లోరిన్

వెయ్యి లీటర్ల నీళ్లలో 1 గ్రాము క్లోరిన్ వేస్తే లీటరుకు 1 మిల్లీగ్రాము పడినట్టు. లెక్కంతా ఇంతే. 10,000 లీటర్ల సంపుకు లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున 20 గ్రాములు. బ్లీచింగ్ పౌడర్‌లో క్లోరిన్ మూడో వంతే కాబట్టి పౌడర్ 60 గ్రాములు. ఐదో తరగతి పిల్లాడు నోటితో చెప్పేస్తాడు. సికింద్రాబాద్‌లోని మా పద్మారావునగర్ అపార్ట్‌మెంట్ సంఘానికి మాత్రం ఎన్ని మీటింగులు పెట్టినా తేలలేదు.

ప్రస్తుతం అమల్లో ఉన్న తూకం వాచ్‌మన్ గుప్పెడు. "ఎంత వేశావయ్యా?" అంటే "అందాజగా ఏసిన సార్" అంటాడు. అతన్ని అనుకుని ఏం లాభం, మేం ఇచ్చింది బస్తా ఒక్కటే, త్రాసు ఇవ్వలేదు. ఆ బస్తా కూడా మూతి విప్పి జనరేటర్ పక్కన పడేసి ఎన్నాళ్లయిందో! గాలికీ తేమకీ పౌడర్ సత్తువ పోతుంది. నూటికి 33 పాళ్లున్న క్లోరిన్ 20కి దిగితే 60 గ్రాముల చోట 100 వేయాలి. ఈ సంగతి గుప్పెడుకి ఎవరు చెప్తారు?

రైల్ నిలయంలో అకౌంట్స్ చూసి రిటైరైన పెద్దాయన ఒకరు పాపం ఇదంతా తెల్లకాగితం మీద వేసి చూపించారు. వెంటనే అభిప్రాయాలు బయల్దేరాయి. రెండో అంతస్తు ఆంటీ లెక్కలో వాసనొస్తేనే మందు వేసినట్టు. ఐదో అంతస్తు సాఫ్ట్‌వేర్ అబ్బాయికి వాసనొస్తే జుట్టు రాలుతుంది. ఇంకొకాయన మధ్యేమార్గంగా రోజు విడిచి రోజు వేద్దామన్నాడు. నీళ్లూ రోజు విడిచి రోజే వస్తాయి గనుక ఆయనకు చప్పట్లు పడ్డాయి.

శుద్ధి కేంద్రాల్లో ఈ పప్పులు ఉడకవు. నీళ్లలోని మడ్డిని దింపే పటిక ఎంత వేయాలో అక్కడ జార్ టెస్ట్ తేలుస్తుంది. వరసగా ఆరు గాజు బీకర్లు, ఒక్కోదాంట్లో ఒక్కో మోతాదు; ముందు గిరగిరా, తర్వాత నిదానంగా తిప్పి ఆపేసి, మడ్డి ఎందులో బాగా దిగిందో చూస్తారు. వానలకు నది నీళ్లు ఎర్రబారితే లెక్క మళ్లీ మొదటికి. ఆరింటిలో ఒక్క బీకరూ లేచి "నా మాట కూడా మినిట్స్‌లో రాయండి" అనదు.

ఇంత చేసి, క్లోరిన్ కలిపి పంపిన నీళ్లలో కుళాయి దగ్గరికి వచ్చేసరికి లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలని తాగునీటి భారత ప్రమాణం ఐఎస్ 10500 అంటుంది. ఆ పిసరును మా వంటింటి ఆర్‌ఓ మిషన్‌లోని కార్బన్ ఫిల్టర్ పీల్చేస్తుంది. మోతాదు కోసం కొట్టుకున్న మేమే, దాన్ని తీసేయడానికి ఏటా సర్వీసు చార్జీ కడుతున్నాం.

నవ్వులాట కాదనుకోండి. ముషీరాబాద్ పక్కన భోలక్‌పూర్‌లో 2009 మేలో కలుషితమైన కుళాయి నీళ్లు తాగి పదిమందికి పైగా ప్రాణాలు పోయాయి. నీళ్లు రాని పూట ఖాళీ పైపు తన చిల్లుల్లోంచి బయటి మురుగును లాక్కుంటుంది. వేసిన క్లోరిన్ ఆ మురుగుతో తలపడటానికే ఖర్చయిపోతుంది. అందుకే ఎంత వేశామన్నది సగం లెక్కే, అరగంట తర్వాత ఎంత మిగిలిందో చూడాలి. చిన్న గొట్టంలో నీళ్లు పట్టి చుక్కల మందు వేస్తే పసుపు రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కనైతే క్లోరిన్ అంత ఉన్నట్టు.

ఆ గొట్టం, చుక్కల మందు ఉండే పరీక్ష కిట్ కొందామని పెద్దాయన పెట్టిన తీర్మానం కోరం లేక వాయిదా పడింది. కోరం లేని అదే మీటింగులో గణేశ్ మండపం లెక్క మాత్రం తేలిపోయింది: లడ్డూ బరువు గ్రాములతో సహా, ఫ్లాటుకు పడే చందా పైసలతో సహా.