మిఠీ ఒడ్డు నేల ఆత్మకథ

ముంబైలో మిఠీ నది సముద్రాన్ని చేరబోయే చోట, ధారావిని ఆనుకుని 37 ఎకరాల అడవిగా నిలిచిన నేల తన కథను తానే చెప్పుకోవలసి వస్తే, చెట్లతో కాక తన మీద పడిన కచరాతో మొదలుపెడుతుంది. మహారాష్ట్ర నేచర్ పార్క్ అనీ, మాహిమ్ నేచర్ పార్క్ అనీ పిలిచే ఈ వనానికి వచ్చినవారు కొమ్మలను, పక్షులను, సీతాకోకచిలుకలను చూసి తృప్తిగా వెళ్లిపోతారు గనుక, తాము నడిచిన బాట అడుగున ఒక మహానగరం ఏళ్ల తరబడి పారబోసిన చెత్త ఉందన్న సంగతి వారిలో చాలామందికి తెలియదు. ఆ తెలియకపోవడమే ఈ నేలకున్న మొదటి బాధ.

చెత్త రాకముందు తనకొక పని ఉండేదని ఈ నేల గర్వంగా గుర్తుచేసుకుంటుంది. అది మాహిమ్ క్రీక్ అంచున, అంటే సముద్రపు నీరు పోటు సమయంలో భూమిలోకి చొచ్చుకువచ్చి పాటుకు వెనుదిరిగే పాయ అంచున ఉన్న చిత్తడి నేల. అటువంటి చోట ఉప్పునీటిని తట్టుకుని పెరిగే మడచెట్లు బురదలోంచి పైకి శ్వాసవేళ్లను నిలిపి గాలిని పీల్చుకుంటాయి, ఒండ్రును పట్టి ఉంచుతాయి, చేపపిల్లలకూ పీతలకూ నీడనిస్తాయి, వరద నీటికి కాస్త చోటిచ్చి దాని ఉరవడిని తగ్గిస్తాయి. ఇంత పని చేసే చోటును నగరం మాత్రం దేనికీ పనికిరాని ఖాళీ జాగాగా లెక్కకట్టింది.

గ్రాంట్ రోడ్ పక్కనున్న కామాఠీపుర నేల కూడా తనలాగే చెత్తను మోసినదే గనుక, దానిని ఇది తన అక్కగా తలచుకుంటుంది. వర్లీ దగ్గర సముద్రపు నీరు లోపలికి రాకుండా హార్న్‌బీ వెల్లార్డ్ అనే కట్టను 1780లలో వేసిన తరువాతే ఆ ప్రాంతపు పల్లపు భూములు మెల్లగా ఆరి నివాసయోగ్యమయ్యాయి. ఆ భూముల్లో కొన్నింటిని పందొమ్మిదో శతాబ్దంలో ఊరి చెత్తతోనే పూడ్చారు. నిజాం ఏలుబడిలోని తెలుగు పల్లెల నుంచి వచ్చి, కామాఠీలని పేరుపడి, మట్టి తవ్వి, రాళ్లు మోసి ఈ నగరాన్ని కట్టిన కూలీలు ఆ నేల మీద ఇళ్లు వేసుకున్నారు. పల్లాన్ని మెరకచేసిన చేతులు ఎవరివో గ్రాంట్ రోడ్ చాళ్లలోని, అంటే వరుస గదుల ఇళ్లలోని, తెలుగు కుటుంబాలకు వేరే చెప్పనక్కరలేదు. అయితే అక్కకు దక్కిన మనుషుల సందడి, పండుగలు, పిల్లల కేరింతలు చెల్లెలికి దక్కలేదు. దీనికి వచ్చినవి కచరా బండ్లు మాత్రమే. రెండు నేలల పేర్లు వినగానే ముఖం తిప్పుకునే అలవాటు నగరానికి ఉండేదని, ఆ అలవాటు అక్క విషయంలో ఇంకా పోలేదని ఇది నొచ్చుకుంటుంది.

చెత్త కింద గడిచిన కాలాన్ని ఈ నేల ఎంత చెప్పినా తనివితీరనట్టు చెబుతుంది, చెప్పనివ్వాలి కూడా. ఏ ఇంట్లోనైనా వాడి వదిలేసిన వస్తువు గుమ్మం దాటగానే మాయమైపోయిందని అనుకోవడం మనుషుల అలవాటు. అయితే ఆ గుమ్మం దాటినదంతా ఏదో ఒక నేల మీద పడే తీరాలి. పడినది కుళ్లుతుంది, కుళ్లిన దానిలోంచి వాననీటితో కలిసి నల్లని విషజలం ఊరుతుంది. లీచేట్ అని శాస్త్రజ్ఞులు పిలిచే ఆ నీరు భూమి లోపలికి ఇంకి, పక్కనున్న నదిలోకీ పాయలోకీ చేరుతుంది. గాలి సోకని పొరల్లో సూక్ష్మజీవులు పుట్టించే మీథేన్ అనే మండే వాయువు కుప్పల మధ్య సందుల్లో నిలిచి, కుప్ప లోలోపల రాజుకోవడానికి దారితీస్తుంది. అటువంటి మట్టిలో విత్తనం పడినా వేరు నిలదొక్కుకోదు, నిలదొక్కుకున్నా చాలినంత గాలి అందదు. పారేసినవారి మీద ఈ నేలకు కోపం ఉంది, చెత్తను ఎత్తి మోసిన పారిశుధ్య కార్మికుల మీద మాత్రం లేదు. పేగులు మెలిపెట్టే ఆ వాసనను తనతో పాటు భరించినవారు వాళ్లే గనుక, తన చరిత్ర ఎవరు రాసినా వాళ్లను విడిచిపెట్టరాదని దాని పట్టుదల.

1977తో చెత్త పడడం ఆగింది. ఈ చోట ఒక ప్రకృతి వనాన్ని పెంచవచ్చునన్న ఆలోచనను ప్రకృతి సంరక్షణ సంస్థ అయిన భారత డబ్ల్యుడబ్ల్యుఎఫ్ వారు ముందుకు తేగా, నగరాభివృద్ధి యంత్రాంగం దానిని అందుకుంది. కుప్పల మీద మట్టి కప్పారు, 1983లో తొలి మొక్కను పక్షిశాస్త్రవేత్త సలీం అలీ నాటారు. ఎనభై ఏళ్లు దాటిన ఆ పెద్దాయన 1930ల మొదట్లో హైదరాబాదు సంస్థానంలోని పక్షులను సర్వే చేసినవాడు. కామాఠీలు విడిచివచ్చిన నిజాం సీమలోని పక్షులను వెతికి నమోదు చేసిన మనిషి, ఎవరికీ అక్కరలేని ఈ మట్టిలో మొక్క నాటడం చిన్న విషయం కాదు. 1994 ఏప్రిల్ 22న, ధరిత్రీ దినోత్సవం నాడు, వనం ప్రజలకు తెరుచుకుంది.

ఒకరు నాటిన మొక్కను పదిమంది బతికించాలి. ఇటువంటి అడవికి వాలంటీర్లు, అంటే జీతం ఆశించక తీరికవేళల్లో వచ్చి పనిచేసేవారు, ఎందుకు కావాలో ఈ నేల తన అనుభవంతో చెప్పగలదు. వాన వెనకబడితే లేత మొక్కలకు నీరు పోయాలి. తీగలు అల్లుకుని చిన్నచెట్ల గొంతు నులమకుండా కోసెయ్యాలి. రాలిన ఆకును తగలబెట్టకుండా చెట్ల మొదళ్లలోనే కుళ్లనివ్వాలి, ఎందుకంటే చెత్త మీద కప్పిన పలుచని మట్టికి బలమంతా ఆ ఆకులు కుళ్లగా ఏర్పడే హ్యూమస్ అనే నల్లని సారం నుంచే వస్తుంది. సీతాకోకచిలుకలను, పక్షులను గుర్తించి రాసిపెట్టుకోవడమూ సేవే. ఏ జాతి వచ్చింది, ఏది కనిపించడం మానేసిందన్న రాతలు లేకపోతే అడవి బాగోగులు ఎవరికీ తెలియవు. బడిపిల్లలను వెంటబెట్టుకుని తిప్పి, ఆకును తాకించి, పేరు చెప్పించే పనిని ఈ నేల అన్నిటికన్నా ఎక్కువగా ఇష్టపడుతుంది. మొక్కలు నాటే రోజున వచ్చి ఫొటో దిగి మళ్లీ కనిపించనివారి కన్నా, ఎవరి కంటా పడకుండా కలుపు తీసి వెళ్లేవారికే ఈ అడవి ఎక్కువ రుణపడి ఉంది.

కాపాడడమంటే హద్దులను కాపాడడం కూడా. ధారావి పునర్నిర్మాణ ప్రాజెక్టు హద్దుల్లోకి ఈ వనం కూడా పోతుందేమోనన్న భయం పుట్టినప్పుడు నగరవాసులు గొంతెత్తి, ఇది రక్షిత అడవి అని గుర్తుచేశారు. పక్కనే ఇరుకు గదుల్లో ఉన్న ధారావి వాసులకు మంచి ఇళ్లు రావాలనే ఈ నేల కోరుకుంటుంది. ఆ ఇళ్ల పిల్లలకు కాస్త నీడ కూడా మిగలాలన్నదే దాని వాదన, అది న్యాయమైన వాదన.

మిఠీ నది మాత్రం నగరం మారలేదని ఏటా రుజువు చేస్తుంది. పవయి, విహార్ చెరువుల మిగులు నీటితో మొదలయ్యే ఈ నది బస్తీల, కార్ఖానాల మురికినంతా మోసుకుని ఇక్కడికి చేరుతుంది. 2005 జులై 26న సాంతాక్రూజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన కురిసినప్పుడు ఆ నది పొంగి నగరాన్ని ముంచింది, కాలువల్లో ఇరుక్కున్న ప్లాస్టిక్ సంచులు నీటిని కదలనివ్వలేదు. ఇప్పటికీ పోటు వచ్చిన ప్రతిసారీ మడచెట్ల శ్వాసవేళ్లకు సంచులు, చెప్పులు, థర్మోకోల్ ముక్కలు చుట్టుకుంటాయి. వేళ్లు మూసుకుపోతే చెట్టుకు ఊపిరాడదు గనుక, బురదలో మోకాళ్ల దాకా దిగి వాటిని ఒక్కొక్కటిగా ఊడదీసి గోనెల్లో నింపే పని ఈ ఏటితో తీరేది కాదు.