మల్లెకుండీల పెద్దమనిషి

డాబా ఇళ్లున్న ప్రతి వీధిలోనూ మల్లెకుండీల పెద్దమనిషి ఒకరుంటారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆయనకు పూలంటే సందు చివర మూర ఎంతని బేరమాడే సరుకు. రిటైరయ్యాక అవే పంచప్రాణాలు. పెన్షన్ కాగితాలు చేతికి వచ్చేలోపే కడియం నర్సరీల నుంచి గుండుమల్లె, సన్నజాజి, అంటు సంపెంగ, రాత్రిరాణి డాబా ఎక్కేస్తాయి. వాసన లేదన్న నేరానికి కనకాంబరానికి అక్కడ చోటు లేదు.

ఆ ఇంట్లో చెత్తబుట్ట ఎప్పుడూ ఖాళీయే. ఉల్లిపొట్టు, అరటితొక్కలు, వాడిన టీపొడి, అన్నీ కుండీల పాలే. ఇల్లాలు మజ్జిగపులుసుకని దాచుకున్న పుల్లమజ్జిగ కూడా వారానికోసారి మాయమవుతుంది. పైగా పూటపూటా నీళ్లు. ఇంత మేపాక మల్లె ఏం చేస్తుంది? నవనవలాడే ఆకు వేస్తుంది, మొగ్గ మాత్రం వేయదు. నత్రజని ఎక్కువైతే, నేల ఎప్పుడూ తడిగా ఉంటే జరిగేది అదే. మల్లె పూసేది కొత్త చిగుళ్ల మీద. అందుకే నవంబరులో నీళ్లు ఆపేసి, మొక్కను ఎండగట్టి, సంక్రాంతి లోపు అడుగున్నర ఎత్తుకు కత్తిరించాలి. ఉన్న ఆకు దూసేసి, ఎరువు వేసి, అప్పుడు నీళ్లివ్వాలి. రోజుకు ఆరు గంటలైనా నేరుగా ఎండ తగిలితే మార్చికల్లా మొగ్గ తొడుగుతుంది.

ఇదంతా ఆయనకు తెలియక కాదు. పార్కులో దొరికినవారినల్లా ఆపి చెప్పేది ఇదే. సొంత మొక్క దగ్గరికి వచ్చేసరికి చెయ్యి రాదు. కత్తెర పట్టుకుని కుండీ చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసి, ఎండుపుల్ల ఒకటి తుంచి, ఈ ఏటికి కత్తిరింపు అయిందనిపించి దిగి వచ్చేస్తారు.

పూసిన నాలుగు మొగ్గలకూ కాపలా ఉంటుంది. మైలవరం మల్లెతోటల్లో ఆ సాయంత్రం విచ్చబోయే మొగ్గల్ని ఎండెక్కకముందే కోసి బజారుకు పంపేస్తారు. ఈయన లెక్క వేరు. "బాబాయిగారూ, శ్రీరామనవమి కదా, గుప్పెడు మొగ్గలిస్తారా?" అని పక్కింటి అమ్మాయి వస్తే, "ఇంకా పసిమొగ్గలమ్మా, రేపు కోసుకుందువుగాని" అంటారు. మర్నాడు వస్తే "అయ్యో, రాత్రే విచ్చేశాయే!" అని ఆయనే ఎక్కువ బాధపడతారు. ఇల్లాలి జడలోకి మాత్రం ఎప్పటిలాగే బజారు పూలే.

ఒక్క విషయంలో ఆయన మాట నమ్మవచ్చు. రాత్రిరాణి వాసనకు పాములు వస్తాయని వీధివాళ్లు గొడవపెడితే, పాములొచ్చేది ఎలకల కోసం, కప్పల కోసం, వాసన కోసం కాదని గట్టిగా వాదిస్తారు. అది నిజం. అయినా రాత్రిపూట డాబా మీదికి వెళ్లేటప్పుడు కర్ర పట్టుకునే వెళతారు.

పెద్దకూతురి పురుడికి అమెరికా వెళ్లినప్పుడే అసలు కథ. మొక్కల బాధ్యతతో పాటు నాలుగు పేజీల కాగితం అద్దెకున్నవాళ్ల చేతికి వస్తుంది. నెల తిరగకముందే వాళ్లు నీళ్లు పోయడం మరిచిపోతారు. డిసెంబరులో బట్టలారేసే తీగకు అడ్డొస్తున్నాయని కొమ్మలన్నీ మోకాలెత్తుకు నరికేస్తారు. తర్వాత వీడియో కాల్‌కు భయపడి, నీళ్లతో పాటు కాస్త పశువుల ఎరువూ వేస్తారు.

ఆయన ఏప్రిల్‌లో తిరిగొచ్చేసరికి కుండీ కుండీ తెల్లగా విరగబూసి ఉంటుంది. "వెళ్లేముందు పోసిన జీవామృతం మహిమ!" అంటారు. అద్దెవాళ్లు అవునంటారు, అద్దె పెరగకుండా ఉండాలి కదా. రెండో అమ్మాయికి కూడా అమెరికా సంబంధమే చూడమని వీధి వీధంతా ఇప్పుడు ఆయనకు సలహా ఇస్తోంది.