యాత్రాగ్రంథ శిరోమణి

విదేశయాత్రకు పోవువారెల్లరును టిక్కెట్టు కొందురు, వీసా కొఱకు వరుసలో నిలుతురు, చలికోట్లు అరువు తెత్తురు. మన శిరోమణి మాత్రము ఇవన్నియు పరులు చూచుకొనదగిన అల్పకార్యములని యెంచి, మూడు నెలల యూరపు పర్యటనమునకు ఏ గైడుపుస్తకము కొనవలెనను ఏకైక ప్రశ్నను పట్టుకొని, ఆదివారమునాడు ఆబిడ్స్ కాలిబాటపై పఱచిన పాతపుస్తకముల నడుమ చతికిలబడి, మండుటెండను సైతము గణింపక మీమాంస సాగించును.

ఆయన పరీక్షావిధానము విచిత్రము. ఇటలీ పుస్తకము చేతికిచ్చినచో అందు రోమును వెదకడు; ఆ ప్రచురణకర్తలే వేసిన భారతదేశపు పుస్తకమును తెప్పించి, చార్మినారును గుఱించియు తిరుమలను గుఱించియు వారేమి వ్రాసిరో చూచును. నేనెఱిగిన ఊరిని గూర్చి తప్పు వ్రాసినవాడు ఎఱుగని ఊరిని గూర్చి ఒప్పు వ్రాయునా యని ఆయన వాదము. తర్కము నిర్దుష్టమే, నేనును కాదనజాలను. కాని దాని ఫలముగా ఇటలీ పుస్తకమొక్కటియు లేని యింట భారతదేశపు పుస్తకములు నాలుగు చేరినవి.

పిమ్మట ముద్రణ సంవత్సరము. కండ్లజోడు సవరించుకొని, లోపలిపుటలోని సన్నని పంక్తిని చదివి, "రెండేండ్లనాటిది! అప్పటి రైళ్లవేళలు, అప్పటి పూటకూటి ధరలు. ఏడాది దాటిన గైడు పుస్తకము కాదండీ, పురాణము" అని క్రింద పెట్టును. 1973లో వీలర్ దంపతులు తమ ఆసియాయాత్రానుభవముతో ఆరంభించిన లోన్లీ ప్లానెట్ బీదసాదల పక్షమనియు, టైర్ల విక్రయము పెంచుకొనుటకై మిషెలిన్ సోదరులు 1900లో వెలువరించినది భోజనప్రియుల పక్షమనియు తీర్పుచెప్పి, తాను మాత్రము 1827లో కొబ్లెంజ్ నగరమున పుస్తకాలంగడి తెఱచిన కార్ల్ బేడెకరునకు శిష్యుడనని చాటుకొనును. ఆ మహానుభావుడు మిలాన్ ప్రధానాలయము పైకెక్కునపుడు 20 మెట్లకొక బఠాణీగింజను ఒక జేబునుండి మఱియొక జేబునకు మార్చుచు లెక్క తప్పకుండ చూచుకొనెనని చెప్పుదురు. ఈ కథ వచ్చినపుడెల్ల మన శిరోమణి కండ్లు చెమర్చును.

తుదకు ప్రయాణపు ముందురోజు రాత్రి పెట్టె బరువు మీఱినది. గడ్డము గీచుకొను బ్లేడుతో లావుపాటి పుస్తకపు వెన్ను కోసి, జర్మనీనుండి స్విట్జర్లాండును వేఱుచేసి, వంటింటి త్రాసులో తూచి చూచి, ఇంకను పావుకిలో ఎక్కువగుటచే, ఆవకాయ సీసా తీసివేయుమని ఇల్లాలిని ఆజ్ఞాపించెను.

"ఏడాది దాటితే పనికిరాదని మీరన్నది మీ పుస్తకాన్నే కదండీ! నా ఆవకాయ రెండేళ్లయినా చెడదు" అని ఆమె సీసాను పెట్టెలో చీరమడతల నడుమ పదిలపఱచి, స్విట్జర్లాండును తీసి పోపులడబ్బా ప్రక్కన పెట్టినది.