ఢోలక్‌పూర్‌కు పాలకుర్తి భాష్యం

చిన్నతనంలో చూసిన బొమ్మల ధారావాహికను పెద్దయ్యాక మళ్లీ కూర్చుని చూడడాన్ని పునర్వీక్షణం అనవచ్చు. ప్రబంధాన్ని మొదటిసారి కథ కోసం, రెండోసారి అలంకారాల కోసం చదివినట్టే, కార్టూన్‌ను కూడా మొదటిసారి గెలుపు కోసం, రెండోసారి లెక్కల కోసం చూడడం ఇందులోని విశేషం. 2008లో పోగో చానల్‌లో ‘చోటా భీమ్’ మొదలైనప్పుడు ఎనిమిదేళ్ల వయసున్న పిల్లలు ఇప్పుడు ఉద్యోగ ప్రకటనల కోసం ఎదురుచూసే వయసుకు, వారిలో కొందరు ఆ ఎదురుచూపు కూడా మానుకునే వయసుకు చేరుకున్నారు కనుక, ఈ పునర్వీక్షణం ఒక తరానికి తీరిక వేళల వ్యాసంగంగా స్థిరపడింది. నేటి లెక్కలో జనగామ జిల్లాకు, నిన్నటి లెక్కలో వరంగల్లు జిల్లాకు చెందిన పాలకుర్తి దీనికి మినహాయింపేమీ కాదు. పైగా గుట్ట మీద సోమేశ్వరుడు, పక్క ఊరు బమ్మెరలో పోతన, ఊరి జ్ఞాపకంలో చాకలి ఐలమ్మ ఉండడం చేత, అక్కడ కూర్చుని ఢోలక్‌పూర్‌ను చూసేవారికి ఇతర ఊళ్లవారికి లేని కొన్ని ఇబ్బందులు ఎదురవుతాయి.

ఢోలక్‌పూర్ అంటే ఆ ధారావాహికలో కథ నడిచే కల్పిత రాజ్యం. దానికి ఇంద్రవర్మ రాజు, ఇందుమతి రాజకుమారి; కోట ఉంది, ఈటెలు పట్టుకున్న భటులు ఉన్నారు, పండుగకు పోటీలు పెట్టడానికి, గెలిచినవారికి బహుమతులు ఇవ్వడానికి సరిపడా ఖజానా కూడా ఉంది. భారతీయ రాజనీతి శాస్త్రం రాజ్యానికి ఏడు అంగాలు చెప్పింది. రాజు, అమాత్యుడు, జనంతో కూడిన భూమి అయిన జనపదం, దుర్గం, ఖజానా అనే కోశం, సైన్యం అనే దండం, చివరగా మిత్రుడు. ఢోలక్‌పూర్‌లో మొదటి ఆరు అంగాలు ఊరేగింపుకు పనికొచ్చే అలంకారాలుగా మిగలగా, దొంగ మంగళ్ సింగ్ వచ్చినా, మాయావి కిర్మడ వచ్చినా, ఆ ఆరింటి పనీ నెత్తిన వేసుకునేది ఏడో అంగమైన మిత్రుడే. ఆ మిత్రుడే చోటా భీమ్ అనే చిన్న భీముడు; వయసు తొమ్మిదేళ్లు, ఒంటి మీద ధోవతి తప్ప మరో ఆచ్ఛాదన లేదు. రాక్షసుడు కనబడగానే మొదట నేల కరిచేది భటులు కావడం, కథ ముగిశాక మళ్లీ అదే ద్వారం దగ్గర అవే ఈటెలతో వారే నిలబడడం గమనిస్తే, శాశ్వతోద్యోగం అంటే ఏమిటో పిల్లలకు అంత సరళంగా బోధించిన గ్రంథం మరొకటి కనబడదు.

నేటి పరిపాలనా పరిభాషలో ఈ ఏర్పాటును ఔట్‌సోర్సింగ్ అంటారు. శాశ్వత సిబ్బంది చేయవలసిన పనిని తక్కువ ఖర్చుకు బయటివారి చేత చేయించుకోవడం దీని అర్థం. తెలుగు రాష్ట్రాలు ఈ విద్యలో చాలా దూరం వచ్చాయిగాని, చిన్న భీముడికి బలమిచ్చే లడ్డూల రూపంలోనే జీతాన్ని కూడా చెల్లించే స్థాయికి ఇంకా చేరలేదు. భీముడికి భవిష్యనిధి లేదు, సెలవు లేదు, క్రమబద్ధీకరించమని కూర్చోవడానికి ఢోలక్‌పూర్‌లో ధర్నా చౌక్ కూడా లేదు. మహాభారతంలోని అసలు భీముడు ఏకచక్రపురంలో బకాసురుడి కోసం తీసుకెళ్లిన బండెడు కూడును తానే తిని, ఆ తర్వాత రాక్షసుణ్ణి చంపాడు కనుక, తిండికీ బలానికీ ఉన్న ఈ లంకె పాతదే. అయితే ఏకచక్రపురంలో ఇంటికొకరు చొప్పున వంతు ఉండేది. ఆ దౌర్భాగ్యపు ఊళ్లో కూడా కష్టాన్ని పంచుకునే పద్ధతి ఒకటి ఉండగా, ఢోలక్‌పూర్‌లో ప్రతిరోజూ ఒకే పోరగాడి వంతు వస్తుంది, దాన్ని ఎవరూ అన్యాయమనుకోరు.

తెర మీద భీముణ్ణి ఆడించడం కొత్త వ్యాపారమేమీ కాదని పాలకుర్తివారు గట్టిగా చెప్పగలరు, ఎందుకంటే ఆ సంగతికి సాక్ష్యం వారి ఊరివాడే రాసి పెట్టాడు. 13వ శతాబ్దివాడని ఎక్కువమంది పండితులు భావించే పాల్కురికి సోమనాథుడు తన ‘పండితారాధ్య చరిత్ర’లో శివరాత్రికి శ్రీశైలం చేరిన జనసందోహాన్ని వర్ణిస్తూ, అక్కడి రకరకాల ఆటపాటల మధ్య, గుడ్డ చాటున భారత కథలను బొమ్మలతో ఆడించేవారిని కూడా పేర్కొన్నాడు. తోలుబొమ్మలాట అంటే పలుచన చేసిన మేకతోలు మీద రంగులు వేసి, కీళ్లు కట్టి, దీపపు వెలుగులో తెల్లని తెర వెనుక ఆడించే నాటకం; వెలుగు, తెర, కదిలే బొమ్మ, చాటున ఉన్నవాడి గొంతు అనే నాలుగూ అందులో ఉన్నాయి కనుక, తర్వాత వచ్చినవారు దానికి చేర్చింది విద్యుత్తు, వ్యాపార ప్రకటన మాత్రమే. జనగామ దాటితే వచ్చే చేర్యాలలో నకాశీ చిత్రకారులు పొడవాటి గుడ్డ మీద కథను గడులు గడులుగా గీసేవారు, ఆ పటాన్ని కథకులు గడి తర్వాత గడి విప్పుతూ ఊరివారికి కథ వినిపించేవారు. యానిమేషన్ చిత్రాలకు ముందుగా గీసుకునే స్టోరీబోర్డు అనే వస్తువును ఈ ప్రాంతం ఎరగదని ఎవరూ అనలేరు.

అందుచేత ‘చోటా భీమ్’ ముంబైలో కాక హైదరాబాదులో, రాజీవ్ చిలక 2001లో స్థాపించిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థలో పుట్టడం సహజంగానే ఉంది. అసహజమైన సంగతి ఒక్కటే, ఆ తెలుగునేల బిడ్డ నోరు విప్పగానే హిందీ మాట్లాడి, తెలుగును తర్వాత డబ్బింగు ద్వారా నేర్చుకున్నాడు. సంస్కృత పదాలతో బరువెక్కిన మార్గ కవిత్వాన్ని కాదని, జనానికి తెలిసే తేటమాట అయిన జాను తెనుగులో, పాడుకోవడానికి వీలైన ద్విపద ఛందస్సులో ‘బసవ పురాణం’ రాసిన సోమనాథుడి ఊళ్లో ఈ విషయం కొంచెం ఎక్కువగా గుచ్చుకుంటుంది. అయినా చానళ్ల అంకగణితం ముందు ద్విపద నిలవదు, రెండు పాదాల పద్యానికి స్పాన్సరు దొరకడం కష్టం.

పాత్రల సంగతికి వస్తే, పునర్వీక్షకుడి దృష్టి భీముడి మీద ఎక్కువసేపు నిలవదు. అతడు మంచివాడు, బలవంతుడు, ప్రతిసారీ గెలుస్తాడు, అంతకు మించి అతడి గురించి చెప్పడానికి ఏమీ ఉండదు. చిన్నప్పుడు కనబడని లోతు పెద్దయ్యాక కనబడేది కాలియాలో. పదేళ్ల కాలియా వయసులో భీముడికన్నా ఒక ఏడాది పెద్ద, ఊళ్లో పహిల్వాను అనిపించుకోవాలని కోరిక, కష్టపడకుండా మొదటి బహుమతి కావాలని ఆశ, దానికోసం పన్నే ప్రతి ఎత్తూ తన మీదే తిరగబడే జాతకం. ఎప్పుడైనా ఒక పోటీ పరీక్షకు దరఖాస్తు పెట్టినవారికి ఇతడు పరాయివాడు కాడు. అతడి వెనుక ఢోలు, భోలు అనే కవలలు నడుస్తుంటారు. ఒకడు అన్నదానికి ఇంకొకడు తలూపడం, ఓడిపోతాడని తెలిసినా కాలియాను ఉబ్బించడం, ఓడిపోయాక మొదట నవ్వడం వారి వృత్తి. తోలుబొమ్మలాటలో ఇదే పనికి కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క అనే హాస్య పాత్రలు ఉండేవి, కాని వారు తెర మీదికి వచ్చినప్పుడు పురాణాన్ని పక్కన పెట్టి ఊరి పెద్దల గుట్టు కూడా విప్పేవారు. ఢోలు భోలులకు ఆ అధికారం లేదు, వారికి కేటాయించింది చప్పట్ల శాఖ మాత్రమే, ఆ శాఖలో పనిచేస్తున్నవారు నేడు ప్రతి నియోజకవర్గంలోనూ ఇద్దరికి తక్కువ కాకుండా దొరుకుతారు.

కాలియా అనే పేరుకు నల్లవాడని అర్థం. ఇక్కడ బమ్మెర పాఠకుడికి ఒక చిక్కు వస్తుంది, ఎందుకంటే కృష్ణ శబ్దానికి కూడా నల్లని వాడనే అర్థం, పోతన తెలుగు చేసిన భాగవతంలో ఆ నల్లపిల్లవాడే కథానాయకుడు. అందులో మడుగును విషం చేసిన కాళియుడనే పాము ఉన్న మాట నిజమే, కాని కృష్ణుడు దాని పడగల మీద ఆడి, దాని భార్యల మొర విని, కుటుంబంతో సహా రమణక ద్వీపానికి పంపించడంతో ఆ వ్యవహారం ఒక్కసారికే ముగుస్తుంది. ఢోలక్‌పూర్ కాలియాకు అటువంటి ద్వీపం లేదు. అతడు బుద్ధి తెచ్చుకుంటే మరుసటి భాగం ఆగిపోతుంది, ఊరు విడిచిపోతే భీముడు ఎవరికన్నా మంచివాడో చెప్పడం కుదరదు. అందువల్ల అతణ్ణి ప్రతిరోజూ ఓడించి, ప్రతిరోజూ క్షమించి, మరునాటికి భద్రపరుస్తారు. ఎన్నికల రాజకీయాలలో ప్రత్యర్థిని ఇంత జాగ్రత్తగా సాకే పద్ధతి పిల్లల కార్యక్రమం నుంచి వచ్చిందో, రాజకీయాల నుంచే ఆ కార్యక్రమంలోకి వెళ్లిందో తేల్చడం పరిశోధకుల పని.

పోతన గోకులానికీ ఢోలక్‌పూర్‌కూ మరొక తేడా ఉంది. గోకులంలో వెన్న పోయిందంటే గోపికలు యశోద దగ్గరికి వెళ్లి ఫిర్యాదు చేస్తారు, ఆమె తాడు తెచ్చి పిల్లవాణ్ణి రోటికి కట్టేస్తుంది, తాడు చాలలేదన్నది వేరే విషయం. లోకాలను కడుపులో పెట్టుకున్నవాడైనా అక్కడ పిల్లవాడు పిల్లవాడే, పెద్దలు పెద్దలే. ఢోలక్‌పూర్‌లో ఫిర్యాదు తల్లి దగ్గరికి కాక పిల్లవాడి దగ్గరికే వెళ్తుంది, అతణ్ణి రోటికి కట్టేయగల యశోద ఎక్కడా కనిపించదు. సోమనాథుడి బాలికలు ఇంకా విచిత్రమైనవారు. దేవుడు తమలాగే తింటాడు తాగుతాడు అనుకునే అమాయకులను ముగ్ధభక్తులు అంటారు, ఆ కోవకు చెందిన గొడగూచి అనే చిన్నపిల్ల శివుడి ముందు పాలగిన్నె పెట్టి, తాగలేదని ఏడ్చి, చివరికి తాగించింది. ఆ పిల్లకు బలం లేదు, మొండితనం ఒక్కటే ఉంది, అది లడ్డూతో వచ్చేది కాదు.

లడ్డూలు ఎవరు చేస్తారన్న ప్రశ్న చిన్నప్పుడు ఎవరికీ తోచదు. వాటిని చేసి అమ్మేది టున్‌టున్ మౌసీ, ఆమె కూతురు ఏడేళ్ల చుట్కీ. రాజ్య రక్షణ మొత్తం భీముడి భుజాల మీద, భీముడి భుజాలు లడ్డూల మీద ఆధారపడి ఉన్నాయి కనుక, లెక్క ప్రకారం ఢోలక్‌పూర్ ఆయుధ కర్మాగారం ఆ తల్లీకూతుళ్ల వంటిల్లే, అయినా ఇంద్రవర్మ విజయోత్సవ ప్రసంగాలలో పొయ్యి ప్రస్తావన రాదు. ఈ అన్యాయాన్ని లోకం ఆలస్యంగా, అదీ పెడదారిలో గుర్తించింది. 2020 జూన్ తొలి రోజుల్లో, లాక్‌డౌన్ వల్ల దేశానికి బోలెడు తీరిక చిక్కిన సమయంలో, భీముడు చుట్కీని కాదని ఇందుమతిని పెళ్లాడాడన్న వార్త ట్విట్టర్‌లో పుట్టి, చుట్కీకి న్యాయం జరగాలనే నినాదం దేశమంతటా మార్మోగింది. చివరికి గ్రీన్ గోల్డ్ సంస్థ, ఆ పాత్రలన్నీ ఇంకా పిల్లలేనని, ఎవరికీ పెళ్లి కాలేదని వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది. ఏళ్ల తరబడి లడ్డూ చేయించుకున్నందుకు ఆ అమ్మాయికి కూలి అడిగినవారు ఎవరూ లేరు, మొగుడిని మాత్రం వేలమంది అడిగారు.

పాలకుర్తిలో ఈ పునర్వీక్షణం చివరికి ఐలమ్మ దగ్గర ఆగక తప్పదు, ఎందుకంటే ఆ ఊరికి తనదైన దుష్ట పాత్ర, తనదైన యుద్ధం నిజంగానే ఉన్నాయి. 1940ల మధ్యలో, నిజాం పాలనలో, పూర్వం పన్ను వసూలు హక్కును వంశపారంపర్యంగా అనుభవించిన దేశ్‌ముఖ్‌లు ఊళ్లను సొంత రాజ్యాలుగా ఏలుతున్న రోజుల్లో, విస్నూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి కన్ను ఐలమ్మ కౌలుకు సాగుచేసుకుంటున్న భూమి మీద పడింది. ఆమె తొమ్మిదేళ్ల బాలిక కాదు, అప్పటికే పిల్లల తల్లి. అతిశక్తులు లేవు, కులం చాకలి, ఆమె సభ్యత్వం సంఘంలో, అంటే ఆంధ్ర మహాసభలో. కోతకు వచ్చిన పంటను ఎత్తుకుపోవడానికి దొర తన మనుషులను దింపినప్పుడు, సంఘం కార్యకర్తలు గుత్పలు, అంటే గట్టి దుడ్డుకర్రలు, పట్టుకుని పొలంలోకి దిగారు. వారి సంఖ్య 28 అని కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య తన తెలంగాణ పోరాట చరిత్రలో రాశాడు. గూండాలు పారిపోయారు, పంట ఐలమ్మ ఇంటికి చేరింది. ఆ దెబ్బకు దొర మారిపోలేదు, మరుసటి భాగంలో నవ్వుతూ స్నేహం కలుపుకోలేదు. 1946 జూలై 4న కడవెండిలో సంఘం కార్యకర్త దొడ్డి కొమురయ్య అతడి మనుషుల తుపాకీకే బలైపోయాడు. ఐలమ్మ 1985లో మరణించే వరకు పాలకుర్తిలోనే బతికింది. 2024లో హైదరాబాదులోని కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు.

ఈ కథను కార్టూన్‌గా తీయాలని ఎవరైనా సంకల్పిస్తే కొన్ని సాంకేతిక ఇబ్బందులు ఎదురవుతాయి. ఆపదలో కబురు పంపడానికి ఇంద్రవర్మ దొరకడు, ఎందుకంటే ఇక్కడ రాజు ఉన్నది దొర పక్షాన. వీరుడు ఒక్కడు కాదు 28 మంది కావడం చేత, టిఫిన్ డబ్బా మీద ఎవరి బొమ్మ వేయాలన్న దాని మీద మార్కెటింగ్ విభాగంలో ఏకాభిప్రాయం కుదరదు. ఇక పిల్లలకు అమ్మడానికి ఆయుధమొకటి ఉండాలి కదా అని గుత్పను ప్లాస్టిక్‌లో పోయిస్తే, పాలకుర్తి పిల్లలు దాన్ని ఒకసారి తిప్పి చూసి, అంగట్లో అక్కడే పెట్టేసి, పోతూ పోతూ దారిలో తుమ్మచెట్టు నుంచి ఒకటి విరుచుకుని పోతారు.